వయోజనుని తొలి పాఠము: రాత్రిబడిలో చేరిక, తెలుగు వాచకభాష

1. ప్రస్తావన

బడియీడు దాటినవారు రాత్రిబడిలో పేరు వ్రాయించుకొనుట చిన్న విషయము కాదు. ఇంటిని నడుపుచు, పొలము పనిలో గాని మగ్గము పనిలో గాని ఆరితేరి, నలుగురిలో మాట చెల్లించుకొనుచున్న మనిషి "నాకు చదువు రాదు" అని ఆ నలుగురి యెదుటనే ఒప్పుకొన్న పిదప గాని పేరు హాజరుపట్టీ కెక్కదు. ఆ ఒప్పుదల వెనుక నున్న సంకోచము పట్టీలో కనబడదు. పట్టీ కెక్కిన పేర్లను లెక్కించుట సులభము. ఆ పేర్లవారిలో పలువురు పది దినములకో నెలకో ఏల రాకుందురో నిర్ణయించుట కష్టము.

పగటి శ్రమ, వలస, ఇంటిపని, చంటిబిడ్డలు, పెద్దల అభ్యంతరము మున్నగు కారణములను అందరు నెరుగుదురు. వానిని తోసిపుచ్చరాదు. కాని వానితోపాటు భాషాభ్యాసకులు ప్రత్యేకముగా విచారింపవలసిన కారణ మొకటి కలదు. అది తొలి పాఠము యొక్క భాష. వయోజనుడు అక్షరము లెరుగనివాడే గాని భాష నెరుగనివాడు కాడు. ఈ భేదమును గుర్తించి కూర్చిన వాచకము చేరినవారిని నిలుపగలదు. గుర్తింపనిది వారిని మరల ఇంటికి పంపును. ఈ విషయమును తెలుగు లిపి, తెలుగు వ్యవహారము ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2. పేర్ల విచారము

చదువుటకు వ్రాయుటకు నేర్చినవానిని మనము అక్షరాస్యుడని పిలుచుచున్నాము. ఆస్యమనగా నోరు. అక్షరములు నోటియందు గలవాడని బహువ్రీహి. హిందీ, వంగ, మలయాళ భాషలలో సాక్షరత యను మాట నిలిచినది. అక్షరములతో కూడియుండుట దాని యర్థము. తమిళులు ఎళుత్తఱివు, అనగా వ్రాత యొక్క ఎరుక, అని వ్యవహరింతురు. మన పదము మాత్రము అక్షరమును నోటిలో నుంచినది. బడిలో అక్షరమాలను వల్లెవేయించు పాతకాలపు అలవాటునకు ఈ పదము చక్కగా సరిపోవును. వయోజనునికి కొరవడినది నోటిలోని అక్షరము కాదు, కంటికి చేతికి పట్టుబడు అక్షరము. ఈ తారతమ్యము ముందు ముందు మనకు ఉపకరించును.

జనవ్యవహారమున ఈ పండిత పదములు లేవు. "వేలిముద్ర", "నిశానీ" అనునవి చదువురానివానికి గురుతులు. "సంతకము", తెలంగాణమున "దస్కతు" చదువు వచ్చినవానికి గురుతులు. రాత్రిబడిలో చేరు స్త్రీపురుషులలో అనేకులు మొదట కోరునది తమ పేరు తాము వ్రాసికొనుటయే. నేటి పరిస్థితిలో ఇందొక వింత మార్పు కలిగినది. చౌకధరల దుకాణమున చదువుకొన్నవాడును యంత్రముమీద వేలు పెట్టవలసినదే. వేలిముద్ర ఇపుడు నిరక్షరతకు గురుతుగా మిగులలేదు. అయినను చదువు అవసరము తగ్గలేదు. వేలు పెట్టిన పిదప చేతి ఫోనునకు వచ్చు సందేశమును చదువుకొనలేనివాడు తన లెక్కకు మరియొకరి నమ్మకముపై ఆధారపడుచునే యున్నాడు.

3. పూర్వరంగము

ఆంధ్రదేశమున పెద్దల చదువునకు ప్రభుత్వమునకంటె ముందు గ్రంథాలయోద్యమము దారి వేసినది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914లో అచటనే గ్రంథాలయముల మహాసభ కూడెను. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమమునకు తన జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువపై పుస్తకముల పడవను నడపిరి. పుస్తకము పాఠకుని యొద్దకు పోవలెనను ఈ తలంపే, పాఠకుడు కానివానిని పాఠకునిగా చేయవలెనను రాత్రిబడులకును మూలము.

స్వాతంత్ర్యానంతరము 1951 జనగణనమున దేశముయొక్క అక్షరాస్యత నూటికి 18.33. వయోజనులకై 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా సంస్థ ఆరంభమైనవి. ఈ రెండును 15 మొదలు 35 ఏండ్లలోపు వారిని ముఖ్యముగా ఉద్దేశించినవి. 1990 ఫిబ్రవరిలో ఎర్నాకుళము జిల్లాయు, 1991 ఏప్రిల్ 18న కేరళ రాష్ట్రమంతయు సంపూర్ణాక్షరాస్యత సాధించినట్లు ప్రకటింపబడెను. 2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ కార్యక్రమము స్త్రీల చదువునకు ప్రాముఖ్య మిచ్చుచు మొదలై 2018 మార్చితో ముగిసెను. 2022–27 కాలమునకు ఆమోదింపబడిన నవభారత సాక్షరతా కార్యక్రమము 15 ఏండ్లు దాటినవారి నందరిని ఉద్దేశించినది. వయస్సునకు పై హద్దు లేదు.

ఈ హద్దు లేకుండుట మేలని కేరళీయురాలు కార్త్యాయని అమ్మ నిరూపించినది. 2018లో, తన 96వ యేట, ఆమె ఆ రాష్ట్రపు అక్షరలక్షము పరీక్షలో 100కు 98 మార్కులు పొందినది.

2011 జనగణనమున ఏడేండ్లు దాటినవారిలో దేశమున నూటికి సుమారు 73 మంది అక్షరాస్యులు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య 67.02, స్త్రీలలో 59.15 మాత్రమే. సగటు కంటె మనము వెనుకబడుటకు సాంఘికార్థిక కారణములు పెక్కు. భాషాకారణమును విడదీసి కొలిచి చూపుట సాధ్యము కాకపోవచ్చును. అయినను అది పనిచేయు తీరును పాఠమునందే చూడవచ్చును.

4. వయోజనుడు వెంట తెచ్చుకొను భాష

రాత్రిబడికి వచ్చునాటికే వయోజనునకు తెలుగు వ్యాకరణము సమగ్రముగా వచ్చును. సంధి సమాసములు, విభక్తులు, క్రియారూపములు ఆతని నాలుకపై నున్నవి. "చాప" యందు దంత్యచకారమును, "చేప" యందు తాలవ్యచకారమును ఆతడు ఎన్నడును పొరపడడు. నేటి లిపిలో ఈ రెంటికి ఒకే అక్షరము. అయినను ఈ భేదమును ఆతనికి నేర్పనక్కరలేదు. ఆతడే చదువుచు సరిదిద్దుకొనును. పరభాషీయునకు పుటలకొలది సూత్రములు చెప్పవలసిన చోట ఆతనికి ఒక్క మాటయు చెప్పవలసిన పని లేదు.

ఇక లేనిదేమి? ఆతని వ్యవహారమున మహాప్రాణములు సాధారణముగా ఉండవు. భూమి "బూమి" యగును, ధనము "దనము" అగును. శకార షకార సకారములు పలుచోట్ల ఒకటియై శనివారము "సనివారము" అగును. కొన్ని ప్రాంతముల ణకార ళకారములు నకార లకారములలో కలిసిపోవును. ఇది తప్పు పలుకుబడి కాదు, వేరొక ధ్వనివ్యవస్థ. గురువు దీనిని తప్పుగా నెంచి తొలినాడే నలుగురిలో దిద్దబూనినచో, ఆ దిద్దుబాటు అక్షరమునకు గాక మనిషికి తగులును. బాలుడు దానిని సహించును. వయోజనుడు మరునాడు రాడు.

మాండలిక భేదము మరియొక చిక్కు. తీరాంధ్రమున "వచ్చాడు", రాయలసీమలో "వచ్చినాడు", తెలంగాణమున "వచ్చిండు". వాచకము ఏదో ఒక దానిని గ్రహింపక తప్పదు. గ్రహించిన రూపము తనది కానివాడు చదువుటతోపాటు అనువాదమును చేసికొనవలసివచ్చును. బొమ్మను చూపి మాట చెప్పించి, ఆ మాటలోని తొలి యక్షరమును నేర్పు పద్ధతిలో ఈ చిక్కు మరింత స్పష్టము. ఒకే కాయ బొమ్మను చూపగా తీరాంధ్రుడు "ఆనపకాయ" అనును. తెలంగాణమువాడు "సొరకాయ" అనును. గురువు నేర్పదలచినది ఆకారమైనచో రెండవవాడు చెప్పిన సరియైన సమాధానము తప్పగును. వేరుసెనగకు పల్లి, బుడ్డ, చెనక్కాయ అని సీమకొక పేరు గలదు. ఈ పేర్లన్నియు మంచి తెలుగే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశములు ఇచట స్మరణీయములు. 1962లో వ్యవసాయ పదములు, 1971లో చేనేత పదములు వెలువడినవి. ఏ సీమలో ఏ పనిముట్టునకు ఏ పేరు కలదో వీనియందు లభించును. వీనిని మనము పరిశోధనకు ఆధారగ్రంథములుగా మాత్రమే చూచుచున్నాము. వాచకకర్త చేతిలో ఇవి తొలి పాఠములకు పదభాండారములు కాగలవు.

5. అక్షరక్రమమా, పదక్రమమా?

సంప్రదాయ క్రమమున మొదట అచ్చులు, పిదప హల్లులు, ఆ మీదట గుణింతము, చివర ఒత్తులు. ఈ క్రమము ఉచ్చారణశాస్త్రదృష్టిని పరమ సుందరము. కాని చదువుటకు ఇదియే తగిన త్రోవయా యని విచారింపవలెను. తెలుగున అచ్చులు తమ స్వరూపముతో సాధారణముగా పదాదియందే కనబడును. మిగిలిన చోట్ల అవి గుణింతపు గురుతులుగా మారిపోవును. కావున అచ్చులను మాత్రమే నేర్చినవాడు ఆ, ఈ, ఏ, ఓ వంటి నాలుగైదు మాటలు తప్ప వేరేమియు చదువజాలడు. ౠ, ఌ వంటి అక్షరములను దిద్దిన తరువాత ఆతడు జీవితమున వానిని మరల చూచుట అరుదు. పగలంతయు పనిచేసి వచ్చినవారు వారము దినములు దిద్దినను ఇంటికి ఒక్క మాటను తీసికొనిపోలేకున్నచో ఎనిమిదవ దినమున రాకుండుటలో ఆశ్చర్యమేమి?

వేరొక క్రమమును పరీక్షింతము. ప, ల, క, త, వ, న, ర అను ఏడు హల్లులను తలకట్టుతో నేర్పిన వెంటనే వల, తల, కల, పలక, కలప, నర, నలక అను మాటలు చదువవచ్చును. వీనికి గుడి యొకటి చేర్చిన వరి, పని, రవిక, పిలక వచ్చును. కొమ్ము ఒకటి చేర్చినచో తలుపు, కలుపు, పలుపు, నులక, పులుపు, కరువు, పరువు చేతికందును. ఏడు హల్లులు, మూడు గురుతులు. వీనితో ఇల్లు, పొలము, పశువు, మంచము, వంట, మానమర్యాదలు అన్నియు పాఠమున ప్రవేశించినవి. "వరి కలుపు" అని చదివిన స్త్రీ ఆనాటి ఉదయము తాను చేసిన పనిని చదివినది. "పనికి కరువు" అను రెండు పదములలో ఈ పరిధిని దాటిన అక్షరము ఒక్కటియు లేదు. అయినను ఆ రెండు పదములపై బడిలో గంటసేపు మాటలు నడువగలవు.

పదమునుండి అక్షరమునకు పోవు ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1930ల దశకమున భారతదేశమునకు వచ్చిన ఫ్రాంక్ లాబాక్ దేశభాషలలో వయోజనులకై పటములు కూర్పించుటలో బొమ్మను, మాటను, అక్షరమును జోడించిరి. జాతీయ అక్షరాస్యతా సంస్థ మూడు మెట్లుగా వాచకములు కూర్పించి, ఇన్నూరు గంటలలో చదువు, వ్రాత, లెక్క నేర్పవలెనని నిర్దేశించినది. పద్ధతి తెలిసినదే. ఏ హల్లులు ముందు, ఏ గురుతులు తరువాత అను నిర్ణయమును ఆయా సీమల వ్యవహారపదముల గణనముపై నిలుపుట మాత్రము ఇంకను భాషాశాఖల బాధ్యతయై యున్నది.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. కొందరు వయోజనులు తామే వర్ణమాలను కోరుదురు. తమ బిడ్డలు అ ఆ లతో ఆరంభించినపుడు తమకు వేరొకటి నేర్పుట తక్కువ చదువేమోయని శంకింతురు. ఈ కోరికను అవమానింపరాదు. పదములు చదువ నేర్చిన పిదప వర్ణమాలను పటముగా ఒకచోట చూపినచో, తెలిసిన అక్షరములు వరుసలో తమ స్థానములను తామే చేరుకొనును.

6. నెల్లూరు పాఠము

తొలి పాఠమున జీవితము ప్రవేశించినచో ఏమి జరుగునో తెలుగుదేశమే చూచినది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా కార్యక్రమము నడచెను. అందలి వాచకమున సీతమ్మ కథ యను పాఠము కలదు. సారాయివలన కుటుంబమునకు కలిగిన దురవస్థను ఆ పాఠము తెలుపును. దూబగుంట గ్రామమున స్త్రీలు ఈ పాఠమును చదివి, చర్చించి, ఊరిలో సారాయి అమ్మకమును నిలువరించిరి. ఆ ఊరి స్త్రీలలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడినది. 1992లో ఉద్యమము జిల్లాలంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

పాఠమే ఉద్యమమును పుట్టించెనని చెప్పుట అతిశయోక్తి యగును. సారాయిపై ఆ స్త్రీల కోపము వాచకముకంటె పాతది. ఇంటింట విడివిడిగా ననుభవింపబడుచున్న దుఃఖము రాత్రిబడిలో నలుగురి యెదుట మాటయైనది. అచ్చులో చూచుటచే ఆ మాటకు సాక్ష్యము దొరికినది. ప్రతిసాయంకాలము కూడుటకు ఒక చోటు, ఒక కారణము ఏర్పడినది. భాషాభ్యాసకులకు ఇచట గమనింపదగిన దేమనగా, ఆ పాఠము స్త్రీలకు తెలియని విషయమును చెప్పలేదు. తెలిసిన విషయమును తెలిసిన మాటలలో చెప్పినది. అందుచేతనే వారి శ్రమయంతయు అక్షరముపై నిలువగలిగెను, వారి ఆలోచనయంతయు విషయముపై నిలువగలిగెను.

7. రెండవ మెట్టు: కచేరీ భాష

తన మాటలను చదువ నేర్చినవాని యెదుట నిలుచు రెండవ గోడ కచేరీ భాష. ఆతనికి వచ్చు కాగితములలో "ప్రభుత్వము", "ఖాతా", "దరఖాస్తు", "ధ్రువీకరణ పత్రము", "లబ్ధిదారు" వంటి మాటలుండును. "ధ్రువీకరణ" యందు మహాప్రాణము, రావత్తు, కొమ్ము మూడును ఒకే అక్షరమున చేరినవి. దీర్ఘము, ణకారము ఆ వెంటనే వచ్చును. "లబ్ధిదారు" అను మాట ఎవనిని గూర్చి వ్రాయబడుచున్నదో ఆతడే దానిని చదువలేడు.

కావున మహాప్రాణములను, సంయుక్తాక్షరములను విడిచిపెట్టిన సులభవాచకమువలన వయోజనునకు పూర్తి న్యాయము జరుగదు. అవి ఆతని నోటిలో లేకపోయినను ఆతని కాగితములలో నున్నవి. తొలి వాచకము వ్యవహారపదములపై, రెండవ వాచకము ఆతనికి నిజముగా వచ్చు కాగితములపై నిర్మింపబడవలెను. బ్యాంకు పుస్తకము, బస్సుపై ఊరి పేరు, మందుసీసా చీటి, విద్యుత్తు బిల్లు, పంచాయతీ ప్రకటన, ఇవియే పాఠములు. మహాప్రాణమును "నీ పలుకుబడి తప్పు" అని గాక "కాగితమున ఇట్లు వ్రాయుదురు" అని నేర్పవలెను. బూమి యని పలుకుచునే భూమి యని చదువుట, వ్రాయుట సాధ్యము.

ఆతనిని పైకి రమ్మనుటతోపాటు కాగితమును క్రిందికి దింపుటయు ధర్మమే. "ధ్రువీకరణ పత్రము" అనుటకు మారుగా "రుజువు కాగితము" అని వ్రాసినచో ప్రభుత్వమునకు కలుగు నష్టము కనబడదు. ప్రస్తుత వ్యాసపు శైలి పండితులకు పరిచితమైనది. రాత్రిబడిలోను కచేరీ నోటీసులోను దీనికి చోటు లేదని ఒప్పుకొనవలెను.

8. తెలుగు మాతృభాష కానివారు

తెలుగు వాచకము ముందు కూర్చుండినవా రందరు తెలుగువారు కారు. ఏజన్సీ ప్రాంతముల సవర, కువి, కోయ, గోండి భాషలవారు కలరు. వీరి విషయమున ఇంతవరకు చెప్పిన సౌలభ్యము తలక్రిందులగును. అక్షరమును క్రొత్తదే, మాటయు క్రొత్తదే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతమున సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తాను ముందు సవర నేర్చిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. వ్యావహారిక తెలుగునకై ఆయన సలిపిన వాదమునకు, సవర పాఠములకై సలిపిన కృషికి మూలసూత్ర మొకటే: చదువు, నేర్చువాని నోటిమాటతో ఆరంభము కావలెను. మొదటిదానిని మనము తరచుగా స్మరింతుము; రెండవదానిని అంతగా అనుసరింపలేదు.

ఇట్లే తమిళనాట, కన్నడనాట, ఒరిస్సాలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు ఆయా రాష్ట్రముల వాచకములతో రాత్రిబడి చదువు మొదలుపెట్టవలసివచ్చును. ఇంట తెలుగు, బడిలో వేరు భాష యైన వారికి సవరలకు కలిగిన చిక్కే కలుగును. మన భాషకు కోరు న్యాయమును మన నడుమనున్న ఇతర భాషలకును చేయుట ఉచితము.

9. ఉపసంహారము

పై విచారణవలన మూడు పనులు తేలుచున్నవి. ఒకటి: ప్రతి సీమలోను రాత్రిబడికి వచ్చువారి నోటినుండి తొలి వందపదములను సేకరించి, వానిలోని అక్షరముల ప్రాచుర్యమును లెక్కించి, నేర్పు క్రమమును నిర్ణయించుట. రెండు: గ్రామమునకు వచ్చు కాగితములలోని పదములను పట్టికగా కూర్చి రెండవ వాచకమునకు ఆధారము చేయుట, క్లిష్టపదములకు వాడుకమాటలను సూచించుట. మూడు: తెలుగు మాతృభాష కానివారికి వారి భాషతో ఆరంభించి తెలుగునకు సాగు వాచకములను ఆయా భాషీయుల సహాయముతో రచించుట. ఇవి మూడును విశ్వవిద్యాలయ భాషాశాఖలు చేయదగినవి, చేయగలిగినవి.

పేరు వ్రాయించుకొనుటకు వచ్చినవారు తమ సంకోచమును గడపవద్దనే విడిచివచ్చిరి. తొలినాడు వారి యెదుట విప్పు పుటలో వారికి తెలిసిన మాట యొకటి ఉండవలెను. ఆ మాటను ఎన్నుకొనుట గురువు ఒక్కనికి సాధ్యమగు పని కాదు. అందుకు కావలసిన సామగ్రిని సమకూర్చుట మన బాధ్యత.